పక్షులనుకున్నవి పక్షులు కావు

ప్రశ్న: అన్నా, నమస్తే. నేను హనుమకొండలో పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు తీస్తుంటాను. ఆరు నెలల కింద ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి750 కొన్నాను. మొన్న మేడారం జాతరకు వెళ్ళి రెండు రోజులు ఫొటోలు తీశాను. జంపన్న వాగు ఇసుకలో, గద్దెల దగ్గర నాలుగైదు సార్లు లెన్సులు మార్చాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలో నల్లటి చుక్కలు. మొదట పక్షులనుకున్నాను. కానీ అన్ని ఫొటోల్లో అవే చోట్ల ఉన్నాయి. లెక్కపెడితే పదకొండు. లెన్సు తుడిచాను, పోలేదు. వ్యూఫైండర్లో కూడా ఒక నలుసు కనిపిస్తోంది. సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి తుడిస్తే పోతుందని మా బావమరిది అంటున్నాడు. ఒక షాపులో అడిగితే సెన్సర్ డ్యామేజ్ అయ్యుండొచ్చు, ఇచ్చి వెళ్ళమన్నారు. వచ్చే నెలలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. ఒకటే టెన్షన్. కెమెరా పాడైనట్టేనా? నేనే శుభ్రం చేసుకోవచ్చా? తీసేసిన ఆరు వందల ఫొటోల సంగతేంటి?
– ఒక ఫొటోగ్రాఫర్, హనుమకొండ

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ దూదీ స్పిరిట్ సీసా మీ బావమరిది చేతికే తిరిగిచ్చెయ్. దెబ్బ తగిలినప్పుడు పనికొస్తాయి. కెమెరాకి తగిలింది దెబ్బ కాదు, దుమ్ము.

కెమెరా పాడవలేదు. ఆ మాట అంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, నువ్వే రాశావు కదా, చుక్కలు అన్ని ఫొటోల్లో ఒకే చోట ఉన్నాయని, లెన్సు తుడిచినా పోలేదని. సెన్సర్ అంటే లెన్సు వెనక కాంతిని పట్టి ఫొటోగా మార్చే పలక. దాని మీద దుమ్ముకి అదే గుర్తు. నిజానికి అది సెన్సర్ మీద కూడా కాదు. కాంతిని పట్టే పిక్సెళ్ళ ముందు పలచటి గాజు ఫిల్టర్ ఉంటుంది. దుమ్ము వాలేది ఆ గాజు మీద. మనం 'సెన్సర్ క్లీనింగ్' అని గొప్పగా పిలిచేదంతా ఆ గాజుని తుడవడమే. కిటికీ అద్దం మీద దుమ్ము పడితే ఇల్లు కూలిందని ఎవరూ అనరు. షాపతను చూడకుండానే డ్యామేజ్ అన్నాడంటే, ఆ మాట పక్కన పెట్టు.

ఇంకో సంగతి. ఆ పదకొండు చుక్కలూ మేడారంలోనే పడ్డాయని నేను అనుకోవడం లేదు. ఆరు నెలలుగా ఈ కెమెరాతో నువ్వు తీసినవి ఏవి? ఫంక్షన్ హాళ్ళలో, తక్కువ వెలుతురులో, అపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే కన్నం) బాగా తెరిచి, ఎఫ్/2.8 దగ్గరో ఎఫ్/4 దగ్గరో తీసిన పెళ్ళి ఫొటోలు. జాతరలో మిట్టమధ్యాహ్నం ఎండ. వాగు దగ్గర జనమంతా షార్ప్‌గా రావాలని ఎఫ్/16 పెట్టావో, ఎఫ్/22 పెట్టావో. ఫొటో వివరాల్లో రాసే ఉంటుంది, తీసి చూడు. అపర్చర్ మూసేకొద్దీ, అంటే ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ, దుమ్ము బయటపడుతుంది. ఆ మచ్చల్లో సగం మీ సీనియర్ కెమెరాతో పాటు ఉచితంగా ఇచ్చినవే కావచ్చు. ఆయన మీద కోపం పెట్టుకోకు, ఆయనకీ తెలిసి ఉండదు.

అపర్చర్‌కీ దుమ్ముకీ సంబంధమేంటో ఒక్కసారి అర్థమైతే సగం భయం పోతుంది. అందుకే దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలబడతాను.

గాజు ఫిల్టర్ పై ముఖానికీ కింద పిక్సెళ్ళకీ మధ్య కొద్దిగా ఎడం ఉంటుంది. లెక్క కోసం ఒక మిల్లీమీటరు అనుకుందాం. లెన్సు నుంచి వచ్చే కాంతి గరాటులా సన్నబడుతూ వచ్చి పిక్సెల్ మీద కలుస్తుంది. ఆ గరాటు గాజుని దాటే చోట ఎంత వెడల్పు ఉంటుందో తెలియాలంటే, ఎడాన్ని ఎఫ్ నంబరుతో భాగిస్తే చాలు. ఎఫ్/22 దగ్గర 1ని 22తో భాగిస్తే 0.045 మిల్లీమీటర్లు. ఎఫ్/2.8 దగ్గర 0.36 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ గాజు మీద 0.05 మిల్లీమీటర్ల దుమ్ము కణం ఉందనుకో, తల వెంట్రుక మందం కంటే కాస్త తక్కువ. ఎఫ్/22 దగ్గర గరాటు కంటే కణమే పెద్దది, కాబట్టి దారి మొత్తం మూసేసింది. ఫొటోలో నల్లటి చుక్క. ఎఫ్/2.8 దగ్గర అదే కణం గరాటు వైశాల్యంలో దాదాపు 2 శాతం మాత్రమే ఆపుతుంది. ఆ 2 శాతం తేడా ఆకాశంలోనే కనపడదు, పట్టుచీర మీద ఎవరికి కనపడుతుంది?

ఎండలో చెయ్యి చాపితే నేల మీద వేళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా నీడ పడుతుంది. మబ్బు పట్టిన రోజున అదే చేతికి నీడ ఉందా లేదా అన్నట్టుంటుంది. ఇక్కడ జరిగేదీ అదే, సన్నటి అపర్చర్ ఎండ లాంటిది, వెడల్పుది మబ్బు లాంటిది.

అంటే వచ్చే నెల మూడు పెళ్ళిళ్ళ గురించి నువ్వు పడుతున్న టెన్షన్‌లో ముప్పాతిక భాగం అనవసరం. హాల్లో ఎఫ్/2.8 నుంచి ఎఫ్/5.6 దాకా తీసే ఫొటోల్లో ఈ పదకొండింటిలో ఒకటో రెండో, అదీ తెల్ల గోడ మీద, లీలగా కనపడితే కనపడొచ్చు. చిక్కొచ్చేది అవుట్‌డోర్ ఫొటోలకే. అక్కడైనా ఎఫ్/22 దాకా ఎందుకు వెళ్ళడం? ఎఫ్/16 దాటితే కాంతి వంగి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. డబ్బు పోసి మంచి లెన్సు కొని దాని పదును మనమే తీసేసుకున్నట్టు. ఎఫ్/8, మహా అయితే ఎఫ్/11 దగ్గర ఆగు. మచ్చలు పలచబడతాయి, ఫొటో పదునుగా వస్తుంది.

సరే, అలాగని వదిలెయ్యమని కాదు. శుభ్రం చేద్దాం. కానీ చెయ్యి పెట్టే ముందు ఎక్కడ, ఏముందో చూసుకోవాలి.

అందుకు ఒక టెస్ట్ ఫొటో తియ్యాలి. కెమెరాని అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మనం పెడితే షటర్ వేగం కెమెరా చూసుకునే పద్ధతి) పెట్టు. ఎఫ్/22, ఐఎస్‌ఓ 100. ఫోకస్ మాన్యువల్‌కి మార్చి పూర్తిగా చెదరగొట్టు. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు ఒక మెట్టు, పెంచు. మబ్బులేని ఆకాశం దొరికితే అదే మంచిది, లేదంటే వెలుతురున్న చోట తెల్ల కాగితం. కాగితాన్ని తీస్తే షటర్ నెమ్మదిగా పడుతుంది, అర సెకనో సెకనో. ఆ సమయంలో కెమెరాని కావాలనే అటూ ఇటూ కదుపు. కాగితం మీది మరకలు అలుక్కుపోతాయి, సెన్సర్ మీది దుమ్ము కెమెరాతో పాటే కదులుతుంది కాబట్టి అది మాత్రం నిలబడుతుంది. కంప్యూటర్లో వేసి కాంట్రాస్ట్ బాగా పెంచి చూడు. పదకొండు అన్నావు, ముప్ఫై కనపడతాయి. పరేషాన్ కాకు. అంత కాంట్రాస్ట్‌లో ఎవరి సెన్సర్ పెట్టినా మశూచి వచ్చినట్టే కనపడుతుంది.

మచ్చల ఆకారం చూడు. మసకబారిన అంచులతో బూడిద రంగు చుక్క అయితే పొడి దుమ్ము. పురుగులా వంకర తిరిగి ఉంటే నూలు పోగు, ఎక్కువగా మన చొక్కాదే, లేకపోతే లెన్సు గుడ్డది. గుండ్రంగా, చుట్టూ వెలుగు రింగు ఉన్నట్టు కనపడితే నూనె చుక్కో, తడి మరకో అని అనుమానించు. షటర్ యంత్రంలోని గ్రీజు ఒక్కోసారి చిట్లి పడుతుంది. 2012లో వచ్చిన నికాన్ డి600కి ఈ గొడవే అంటుకుంది, ఫ్రేములో ఎడమ పైమూల నిండా మచ్చలు. 2013 ఫిబ్రవరిలో కంపెనీయే నోటీసు ఇచ్చింది, 2014లో వారంటీ దాటిన వాటికి కూడా ఉచితంగా చూసి, శుభ్రం చేసి, అవసరమైతే షటర్ మార్చి ఇస్తామంది. నీది దాని తర్వాతి కెమెరా, ఆ భయం లేదు. ప్రతి మచ్చా మన అజాగ్రత్త వల్లే రాదని చెప్పడానికి ఈ సంగతి ఎత్తాను. ఇక ఎరుపో నీలమో ఒకే ఒక్క పిక్సెల్ సూదిమొనలా మెరుస్తూ, ఏ అపర్చర్ దగ్గరైనా మారకుండా ఉంటే అది దుమ్ము కాదు, హాట్ పిక్సెల్, అంటే సెన్సర్‌లోనే తేడా చేసిన పిక్సెల్. తుడిచినా పోదు.

కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్లో నలుసు ఫొటోలో రాదు. అది ఫోకసింగ్ స్క్రీన్ (వ్యూఫైండర్ కోసం బొమ్మ పడే చిన్న పలక) మీదో, లెన్సు వెనక ఏటవాలుగా ఉండే అద్దం మీదో ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు అద్దం పైకి లేచి తప్పుకుంటుంది కాబట్టి సెన్సర్‌కి దానితో పని లేదు. కెమెరాలు ఎక్కువగా పాడయ్యేది ఆ నలుసు దగ్గరే. కంటికి ఎదురుగా కనపడుతుంది, చెయ్యి ఊరుకోదు. ఆ అద్దానికి మెరుపు పూత గాజు వెనకాల కాదు, ముందు వైపే ఉంటుంది. ఫోకసింగ్ స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్. దేన్ని గుడ్డతో రుద్దినా గీతే. బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుగ్గ) రెండు సార్లు ఊదు. పోతే పోయింది, లేకపోతే దానితోనే కాపురం చెయ్.

ఇప్పుడు శుభ్రం చేసే పని. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకూడదు. కాబట్టి గోటి దగ్గర మొదలుపెడదాం.

నీ కెమెరా మెనూలో ఇమేజ్ సెన్సర్ క్లీనింగ్ అని ఉంటుంది. నొక్కితే ఆ గాజు ఫిల్టర్ సన్నగా కంపించి దుమ్ముని దులుపుకుంటుంది. 2003లో ఒలింపస్ ఈ-1తో మొదలైన ఏర్పాటు ఇది, ఇప్పుడు దాదాపు అందరూ పెడుతున్నారు. కెమెరాని అడుగు భాగం ఆనేలా బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి నొక్కాలి, దులిపిన దుమ్ము కిందికి జారాలి కదా. వెల్లకిలా పడుకోబెట్టి నొక్కితే లేచినది మళ్ళీ అక్కడే పడుతుంది. నాలుగైదు సార్లు నొక్కు. మరీ వరసగా నొక్కుతూ పోతే కెమెరా కాసేపు ఆ పని మానేస్తుంది, లోపలి సర్క్యూట్‌ని కాపాడుకోవడానికి. చెడిపోయిందనుకోకు. దీనితో రెండు మూడు చుక్కలు తగ్గినా లాభమే.

తర్వాత బ్లోయర్. రాకెట్ ఆకారంలో ఉండే రబ్బరు బుగ్గ, కొన్ని వందల రూపాయల వస్తువు. కుంచె తగిలించి ఉన్నది మాత్రం వద్దు, ఆ వెంట్రుకలు ఫిల్టర్‌ని గీస్తాయి. ఈ పని ఎక్కడ, ఎప్పుడు చేస్తున్నావన్నది బ్లోయర్ కంటే ముఖ్యం. తెల్లవారుజామున లేచి చెయ్యి. గది తడిగుడ్డతో తుడిచి పావుగంట వదిలెయ్. ఫ్యాన్ ఆపు. అందరూ మరిచిపోయేది ఇదే. పైన ఫ్యాన్ గిరగిరా తిరుగుతుంటే దాని రెక్కల మీది దుమ్మంతా మన పుణ్యమా అని తెరిచిన కెమెరాలోకి వస్తుంది. తెల్లవారుజామున ఎందుకన్నానంటే, ఎండలు ముదిరాక పగటి పూట ఫ్యాన్ ఆపి ఈ పని మొదలుపెడితే నుదుటి మీది చెమట బొట్టు ఎక్కడ పడుతుందో ఆలోచించుకో. ఇంట్లో అప్పుడే సాంబ్రాణి వేసుంటే మరునాటికి వాయిదా వెయ్యి. ఉన్ని స్వెట్టరూ, కొత్త టవలూ దగ్గరికి రానీకు.

బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చెయ్యి. ఇది మాటవరసకు చెబుతున్నది కాదు. మెనూలో లాక్ మిర్రర్ అప్ ఫర్ క్లీనింగ్ అని ఉంటుంది, బ్యాటరీ చాలకపోతే కెమెరా దాన్ని ఎంచుకోనివ్వదు. ఎంచుకుని షటర్ బటన్ నొక్కితే అద్దం లేచి, షటర్ తెర తెరుచుకుని, సన్నటి పచ్చ గులాబీ మెరుపుతో సెన్సర్ కనపడుతుంది. పని మధ్యలో ఛార్జ్ తగ్గితే బీప్ కొట్టి, ముందున్న సెల్ఫ్ టైమర్ దీపం మిణుకుమంటుంది. దాదాపు రెండు నిమిషాల్లో తెర మూసేస్తానని చెప్పడం అది. అప్పుడు లోపల ఏ వస్తువూ ఉండకూడదు. కొందరు బల్బ్ మోడ్‌లో బటన్ నొక్కి పట్టుకుని ఈ పని చేస్తారు. వేలు జారితే తెర వచ్చి మీద పడుతుంది. వద్దు.

ముందు బ్లోయర్‌ని బయట గాలిలోకి నాలుగు సార్లు నొక్కు, లోపల దుమ్ముంటే పోతుంది. కెమెరా నోరు కిందికి ఉండేలా ఒక చేత్తో పట్టుకుని, కింది నుంచి పైకి ఊదు. బ్లోయర్ మూతి లెన్సు తగిలించే రింగు దాటి లోపలికి వెళ్ళకూడదు. పది పదిహేను సార్లు గట్టిగా. లైటు వేసి సెన్సర్‌కేసి చూస్తే చాలనుకోకు, చిన్న కణాలు సరిగా కనపడవు. డి750లో ఒక్కో పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు (0.006 మిల్లీమీటర్లు), ఇందాక చెప్పుకున్న కణం ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పు. కంటికి ఏం ఆనుతుంది? లెన్సు తగిలించి మళ్ళీ ఎఫ్/22 ఫొటో తియ్యి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టు. జాతర దుమ్ము పొడి దుమ్ము, తాజా దుమ్ము. చాలావరకు ఇక్కడే ఖాళీ అవుతుంది. ఆలస్యం మాత్రం చెయ్యకు, తేమ తగిలితే అదే దుమ్ము గాజుకి అతుక్కుపోతుంది. కాకినాడ, విశాఖ వైపు ఫొటోగ్రాఫర్లని అడుగు, వాళ్ళకి ఈ బాధ ఎక్కువ.

నోటితో ఊదడం గురించి ఒక మాట. పన్నెండేళ్ళ కింద నేను చేసిన ఘనకార్యం ఇది. ఒక పల్లెలో పెళ్ళి, తెల్లవారితే బయట ఫొటోలు. బ్లోయర్ ఇంట్లో మరిచిపోయి వచ్చాను. మూడే మూడు చుక్కలు కదా అని అద్దం లేపి 'ఉఫ్' అన్నాను. మూడు చుక్కలు పోయాయి. వాటి బదులు ఉమ్మి తుంపర్లు తొమ్మిదో పదో పడి, ఆరిపోయి, రింగులు రింగులుగా గాజు మీద ముద్ర వేసుకున్నాయి. మరునాడు పెళ్ళికొడుకు తలపాగా వెనక ఆకాశంలో అవే. పొడి దుమ్ము బ్లోయర్‌తో పోయేది, వాటికి మూడు స్వాబ్‌లు (ఆ గాజుని తుడిచే చిన్న గరిటెల్లాంటివి) పట్టాయి. ఆ ఆల్బమ్ ఎడిటింగ్‌కి పోయిన రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తే. పెట్రోల్ బంకులో టైర్లకు కొట్టే గాలి కూడా ఇంతే, అందులో నూనె, తేమ ఉంటాయి. కంప్యూటర్లకి వాడే స్ప్రే డబ్బా గాలి అయితే డబ్బా వంగినప్పుడు లోపలి ద్రవం చల్లగా వచ్చి గాజు మీద పడుతుంది. మూడూ నిషిద్ధం.

బ్లోయర్ తర్వాత కూడా రెండో మూడో మొండికేస్తే? ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నికాన్ మాన్యువల్ బ్లోయర్‌తో ఆగిపోతుంది. ఆపైన ఫిల్టర్‌ని ముట్టుకోవద్దు, సర్వీస్ సెంటర్‌కి ఇమ్మంటుంది. తడి స్వాబ్‌తో తుడిచేవాళ్ళు చాలామందే ఉన్నారు, నేనూ తుడుస్తాను, కానీ అది మన పూచీ మీద చేసే పని. మొదటి పెళ్ళికి రెండు రోజుల ముందు మాత్రం మొదటిసారి ప్రయత్నించకు. ఉన్న రెండు చుక్కలూ ఆకాశం పక్కగా ఉంటే వాటిని అలాగే ఉండనియ్, సీజన్ అయ్యాక చూసుకోవచ్చు.

చెయ్యాలనుకుంటే ఇలా. నీది ఫుల్ ఫ్రేమ్, సెన్సర్ 36 అడ్డం, 24 నిలువు మిల్లీమీటర్లు. కాబట్టి 24 మిల్లీమీటర్ల స్వాబ్ కొను. సీలు వేసిన ప్యాకెట్‌లో చిన్న గరిటెలా వస్తుంది. దానికి తగిన క్లీనింగ్ ద్రవం వేరే దొరుకుతుంది, కొన్నింటిలో శుద్ధమైన మిథనాల్ ఉంటుంది. అది విషం, మంట అంటుకుంటుంది. పిల్లలకి అందకుండా పెట్టు, కిటికీ తెరిచి వాడు, దీపం దగ్గర వద్దు. సర్జికల్ స్పిరిట్ వద్దన్నది ఎందుకంటే, అందులో నీళ్ళూ వేరే పదార్థాలూ కలిసి ఉంటాయి, ఆరాక మరక మిగులుతుంది. దూది అయితే పోగులు వదులుతుంది. ఒకటి తీయబోయి వంద పెట్టినట్టు.

స్వాబ్ పెట్టే ముందు మరోసారి బ్లోయర్. మేడారం నుంచి వచ్చిన కెమెరాకి ఇది తప్పనిసరి. వాగు ఇసుక రేణువు ఒక్కటి గాజు మీద ఉండగా స్వాబ్ లాగావంటే అది గీసుకుంటూ పోతుంది. దుమ్ము పోతుంది, గీత ఉండిపోతుంది. స్వాబ్ అంచు మీద రెండు మూడు చుక్కల ద్రవం వెయ్యి, అంతకంటే వద్దు. ఒక చివర పెట్టి, కొద్దిగా వాల్చి, అవతలి చివరికి ఒకే లాగుడు. దోసె పెనం మీద అట్లకాడ లాగినంత ఒత్తిడి కూడా అక్కర్లేదు, సీతాకోకచిలుక మీద పెన్ను పెట్టినట్టుండాలి. తిప్పి, రెండో వైపుతో వెనక్కి ఒకే లాగుడు. అంతే, ఆ స్వాబ్ పని అయిపోయింది. ఇప్పుడు దాని అంచు చూడు. పెన్సిల్ గీతంత సన్నగా బూడిద రంగు కనపడుతుంది. ఆరు నెలల పెళ్ళిళ్ళూ, మీ సీనియర్ కాలం నాటివీ అన్నీ అందులో ఉంటాయి. ఖరీదైనది కదా అని దాన్నే మళ్ళీ వాడకు, తీసిన దుమ్ముని తిరిగి పూసినట్టవుతుంది. మొదటి స్వాబ్ ఒక్కోసారి చెత్తని అంచులకు నెట్టి వదిలేస్తుంది, టెస్ట్ ఫొటో చూస్తే ఎక్కువైనట్టు అనిపిస్తుంది. కంగారు పడకుండా కొత్తది తియ్యి. రెండు మూడు స్వాబ్‌లకి కూడా కదలకపోతే ఆపెయ్యి. నాలుగోది నువ్వు కాదు, సర్వీస్ సెంటర్ వాళ్ళు తియ్యాలి.

మచ్చ ఎక్కడుందో చూసుకుని తుడవాలంటే ఈ లెక్క గుర్తుంచుకో. లెన్సు బొమ్మని తలకిందులు చేస్తుంది. ఫొటోలో పైన ఉన్న చుక్క సెన్సర్ మీద కింద ఉంటుంది. కెమెరా నీకు ఎదురుగా నిటారుగా ఉన్నప్పుడు ఎడమ ఎడమే, కుడి కుడే. అడ్డం ఫొటోల్లో ఆకాశం పైభాగంలో ఉంటుంది కాబట్టి నీ పదకొండూ సెన్సర్ కింది సగంలో ఉన్నాయన్నమాట.

తీసిన ఆరు వందల ఫొటోల సంగతి. మచ్చలన్నీ ఒకే చోట ఉండటం ఇక్కడ నీకు కలిసొస్తుంది. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఆకాశం బాగా ఉన్న ఒక ఫొటో తీసుకుని హీలింగ్ పనిముట్టు పట్టుకో. విజువలైజ్ స్పాట్స్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేస్తే ఫొటో నలుపు తెలుపు గీతల్లా మారి మచ్చలు బయటపడతాయి. పదకొండూ సరిచేసి, ఆ సవరణని మిగతా ఫొటోలకి సింక్ చెయ్. నిలువు ఫ్రేములకి వేరుగా చేసుకో. సింక్ చేశాక చేతులు దులుపుకోకు, ఒక్కొక్క ఫొటో తిరగెయ్. ఆకాశంలో పెట్టిన అతుకు ఇంకో ఫ్రేములో శివసత్తు నుదుటి బొట్టు మీద పడి ఉండొచ్చు. మనుషులూ చెట్లూ ఉన్న చోట ఆ అతుకు తీసెయ్, అక్కడ మచ్చ ఎలాగూ కనపడదు.

ఎన్‌ఈఎఫ్ ఫైళ్ళు, అంటే నికాన్ రా ఫైళ్ళు, తీసి ఉంటే ఇంకో దారి కూడా ఉంది. కెమెరా మెనూలో ఇమేజ్ డస్ట్ ఆఫ్ రెఫరెన్స్ ఫొటో అని ఉంటుంది. తెల్ల కాగితాన్ని తీసి దుమ్ము పటం ఒకటి తయారుచేస్తుంది. నికాన్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే ఎన్‌ఎక్స్ స్టూడియో ఆ పటం చూసి మచ్చల్ని సవరిస్తుంది. జేపెగ్‌లకి పని చెయ్యదు. ఒక్క మెలిక ఉంది. ఆ పటాన్ని శుభ్రం చెయ్యకముందే తియ్యాలి, శుభ్రం చేసి తీసే ఆప్షన్ కాకుండా ఉత్త స్టార్ట్ అన్నది ఎంచుకోవాలి. దుమ్ము పోయాక దుమ్ము పటం ఎక్కడిది? కాబట్టి ఇది చదవగానే, బ్లోయర్ పట్టకముందే, ఆ పని చెయ్. ఇప్పటికే ఊదేసి ఉంటే ఈ పేరా వదిలెయ్.

రీలు రోజుల్లో ఈ బాధ లేదు. ప్రతి ఫ్రేముకీ కొత్త ఫిల్మ్ ముందుకొచ్చేది, ఒకదాని మీద పడ్డ దుమ్ము దానితోనే పోయేది. అప్పటి బాధలు వేరేవి. స్టూడియోల్లో పెద్దాయనలు నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్ళు, ప్రింటు మీది తెల్ల చుక్కలకి కుంచెతో రంగు అద్దేవాళ్ళు. ఒక్కో ముఖానికి గంట. వాళ్ళ ముందు మనం సింక్ బటన్ కష్టాలు చెప్పుకుంటే నవ్వుతారు.

ఇక లెన్సు మార్చడం. జాతరలో, పెళ్ళిలో అసలు మార్చకపోవడమే మేలు. రెండో బాడీ ఉంటే అద్దెకైనా తెచ్చుకో. తప్పనిసరైతే కెమెరా ఆఫ్ చెయ్, గాలికి వీపు పెట్టు, కెమెరా నోరు నేలకేసి ఉంచు. తగిలించబోయే లెన్సు వెనక మూత ముందే వదులు చేసి చేతికి అందేలా పెట్టుకో. లోపలికి దుమ్ము వచ్చే దారి గాలి ఒక్కటే కాదు, లెన్సు వెనక భాగం కూడా. బ్యాగు అడుగున దొర్లిన వెనక మూత నిండా నలుసులుంటాయి. వాటిని లెన్సుకీ, లెన్సు నుంచి కెమెరాకీ మనమే చేరవేస్తాం. వారానికోసారి ఆ మూతల్లో బ్లోయర్ కొట్టు, బ్యాగు బోర్లించి దులుపు. బాడీ మూతా, లెన్సు వెనక మూతా ఖాళీగా ఉన్నప్పుడు ఒకదానికొకటి బిగించి పెడితే రెండింటి లోపలా శుభ్రంగా ఉంటుంది.

పెళ్ళిలో తలంబ్రాల వేళ మాత్రం లెన్సు తియ్యకు, ఎంత కొంప మునిగినా సరే. పసుపు పట్టిన బియ్యం పొడి గాలిలో అలా నిలబడి ఉంటుంది, దాని జిడ్డు బ్లోయర్‌కి లొంగదు. హోమం పొగ దగ్గరా అంతే. జీలకర్ర బెల్లానికి ముందే ఏ లెన్సుతో ఉండాలో తేల్చుకుని, దానితోనే తలంబ్రాలు పూర్తయ్యేదాకా నడిపించు.

సర్వీస్‌కి ఇవ్వాల్సి వస్తే నీ ఎఫ్/22 టెస్ట్ ఫొటో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళు. పని అయ్యాక కౌంటర్ దగ్గరే నిలబడి, నీ లెన్సుతో, అదే ఎఫ్/22లో, అక్కడి గోడనో కాగితాన్నో తీసి వాళ్ళ కంప్యూటర్లో చూపించమను. సెన్సర్ మీద నిజంగా గీత ఉందంటే అది కూడా ఆ ఫొటోలో చూపించగలగాలి. చూపించలేకపోతే అక్కడ రిపేర్‌కి ఒప్పుకోకు. వ్యూఫైండర్లో నలుసు కూడా తీసిపెడతామంటే, ఫర్వాలేదు, దాన్ని అలాగే ఉండనివ్వమని చెప్పు.